పంటు మీద అడిగిన చిరునామా

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తాటిపాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియన్‌ని. నాలుగు క్రెడిట్ కార్డులు ఉండేవి. ఒకదాని బాకీ ఇంకోదానితో కడుతూ రెండేళ్లు నెట్టుకొచ్చాను. గడువు తేదీలు, వడ్డీ, కనీస చెల్లింపు అన్నీ ఫోన్‌లో పట్టిక వేసుకున్నాను. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వరుసగా మూడు నెలలు కట్టలేకపోయాను. ఒక సాయంత్రం నరసాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద మా ఊరు సఖినేటిపల్లి వస్తుంటే, పక్కనున్నాయన తన చేతిలో కాగితం చూసి నన్ను అడిగాడు.

"వెంకటేష్ అని, సత్యనారాయణగారబ్బాయి. ఇల్లెక్కడండి?"

అది నా పేరే. "మా ఊళ్లో అలాంటివాళ్లెవరూ లేరండి," అన్నాను.

వెనక చేపల తట్టతో కూర్చున్న మా వీధి మంగమ్మగారు నవ్వేసింది. "అదేంటి బాబూ! సత్యనారాయణగారబ్బాయివి నువ్వే కదా!"

చుట్టూ గోదావరి. పారిపోయే దారి లేదు. ఆయన గొంతు తగ్గించి, "బ్యాంకు తరఫున వచ్చానండి, కార్డు బాకీ గురించి. మీ నాన్నగారితో మాట్లాడాలి," అన్నాడు.

మంగమ్మగారి నవ్వు ఆగిపోయింది. "ఎంత బాబూ?"

"నాలుగు లక్షల పైనే పిన్నిగారూ."

"రేవింకా రాలేదు. ఈయన చెప్పేలోగా నువ్వే చెప్పెయ్. ఫోన్ తియ్యి."

నాన్నకు ఫోన్ చేసి పట్టికంతా చదివి వినిపించాను.

"ఆయన్ని ఇంటికి తీసుకురా," అన్నారు నాన్న అంతా విని. "రేవులో నిలబెట్టి మాట్లాడకు."

ఇప్పటికి రెండు కార్డుల బాకీ తీరింది. ఇంకా రెండున్నాయి. ఆ పట్టిక ఇప్పుడు నాన్న ఫోన్‌లో కూడా ఉంది.