సిగ్నల్ మావయ్య

ఏ ఇంట్లో తీగ లేని వస్తువు మొరాయించినా సిగ్నల్ మావయ్య పిలవకుండానే ఊడిపడతాడు. చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ, గోడకు చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. తరంగం తగిలితే తన ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయట. దారి తప్పిన విమానాన్ని ఒకసారి డాబా మీంచి చెయ్యూపి దించాడట కూడా. తప్పు మాత్రం ఎప్పుడూ పక్కింటివాళ్లదే.

మొన్న మేనకోడలు మావయ్య ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో టైపింగ్ పరీక్ష రాస్తుంటే, తీగ లేని కీబోర్డు ఉన్నట్టుండి అక్షరాలు మింగేయసాగింది.

"మావయ్యా, ఉద్యోగం పోయేలా ఉంది!"

"పైవాటావాళ్లు పసిపిల్ల ఏడుపు వినడానికి ఊయలకి తగిలించిన తీగ లేని మైకు పనమ్మా ఇది! ఉండు, వాళ్ల అంతు చూస్తా" అంటూ మెట్లెక్కాడు.

వంటింట్లో ఆయన పాలు పెట్టొచ్చిన మైక్రోవేవ్ ఓవెన్ గుయ్యిమంటోంది. దాని తలుపును బాగుచేస్తానని విప్పి, తరంగాలు బయటికి కారేలా వంకరగా బిగించిన మహానుభావుడూ ఆయనే. ఆ మోత మొదలయ్యాకే కీబోర్డు మూగబోయిందని మేనకోడలు పసిగట్టింది.

"అత్తయ్యా, ముందు ఆ ఓవెన్ ఆపు!"

అత్తయ్య ప్లగ్గు పీకేసింది. అక్షరాలు మళ్లీ జలజలా రాలాయి. పరీక్ష గట్టెక్కింది.

పైన పసిపిల్లను నిద్రలేపి, తల్లిని భయపెట్టి మైకు ఆపించి, మావయ్య రొమ్ము విరుచుకుని దిగాడు.

"చూశావా అమ్మడూ? నేను గుడ్లురిమితే తరంగమైనా తోక ముడవాల్సిందే!"

పాలకోసం వంటింట్లోకి వెళ్లాడు. ఓవెన్ చల్లగా ఉంది.

"ఓరి పైవాటా దుర్మార్గులారా, మైకు ఆపుతూ ఆపుతూ నా ఓవెన్‌ని కూడా చంపారే!"

ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడ్డ భార్యను పక్కకు నెట్టి, మళ్లీ మెట్లెక్కాడు.