కప్తాన్ సాబ్ పెట్టెలో బల్బు

చచ్చిపోయిన ఒక తాబేలును కొన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. వినడానికి నవ్వొస్తుందేమో, నాకు మాత్రం రావడం లేదు. మా ఆయనకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా తిన్నగా చెప్పలేదు, "తెలిసీ తెలియక చేసినవన్నీ" అంటూ గుంపులో కలిపేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా దీవిలో గరాచర్మ అనే ఊళ్లో మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఓడల్లో పనిచేసి రిటైరయ్యారు. భార్య లేదు, పిల్లలు లేరు. బాబాయ్ అని పిలుస్తాను. బదిలీ మీద వెళ్లిపోతూ ఎవరో వదిలేసిన నేల తాబేలును ఇంటికి తెచ్చుకుని, కప్తాన్ సాబ్ అని పేరు పెట్టి, చెక్కపెట్టెలో మహారాజులా పెంచారు. అడుగున కొబ్బరి పీచు, అది అప్పుడప్పుడూ కొంచెం తడపాలి. పైన వేడికి పాతకాలం పసుపు బల్బు. కొంచెం తడి ఉన్నా ఫరవాలేదు గానీ, తడి ఎక్కువైనా, తడికి చలి తోడైనా దానికి ఊపిరి ఆడదని ఎన్నిసార్లు చెప్పారో. కంటి ఆపరేషన్‌కు చెన్నై వెళుతూ రోజూ ఇంత ఆకు వెయ్యడం కాక నాకు అప్పగించింది ఆ ఒక్క పనే. బల్బు ఆరకూడదు.

మా దగ్గర వానలు మొదలైతే చెప్పులకీ బూజే, చీరలకీ బూజే. అందుకని బీరువా అడుగున, బట్టలకు తగలకుండా, ఒక బల్బు వెలిగించి ఉంచుతాం. సరిగ్గా అప్పుడే మా బీరువా బల్బు మాడిపోయింది. బజారంతా వెతికినా ఎల్‌ఈడీలే. అవి వెలుగుతాయి గానీ వేడెక్కవు. బాంబూఫ్లాట్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్లి దగ్గరపడింది. నా పట్టుచీర అంచున తెల్లమచ్చలు కనిపించాయి. కప్తాన్ సాబ్ బల్బు విప్పి బీరువాలో పెట్టుకున్నాను. పెట్టెలో ఎల్‌ఈడీ బిగించాను. వెలుగుందిగా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? తేడా తెలియకపోతే ఆ ఎల్‌ఈడీనే బీరువాలో పెట్టుకునేదాన్ని కదా!

వాన తెరిపివ్వలేదు. కప్తాన్ సాబ్ ఆకు ముట్టడం మానేశాడు. ముక్కు దగ్గర బుడగలు. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీల్చుకునేవాడు. చూశాను. చూసి కూడా, పెళ్లి కానీ, అప్పుడు మార్చేద్దాంలే అనుకున్నాను. ఆ చీర కట్టుకునే ఫెర్రీ ఎక్కాను. పెళ్లిలో అందరూ చీర బాగుందంటే పొంగిపోయాను. తిరిగొచ్చేసరికి వాడు కదలడం లేదు. అప్పుడు మార్చాను బల్బు. వాడి కోసం కాదు, బాబాయ్ కంట పడకుండా.

ఓడ దిగి వచ్చిన బాబాయ్, కంటికి నల్లద్దాలతోనే పెట్టె పక్కన కూలబడ్డారు. బల్బు మీద చెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది.

"గర్మీ బరోబర్‌గానే ఉందమ్మా. మరేటయింది వీడికి?"

పెట్టె అంచు తడుముతూ ఆయనే మళ్లీ అన్నారు.

"షిప్పు ఎక్కే రోజు పొద్దున్న పీచు నేనే తడిపినాను. కన్ను సరిగ్గా ఆనలేదు, పానీ జ్యాదా పోసేసినానేటో. నేనే సంపేసినాను కదమ్మా?"

కాదు బాబాయ్ అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకు నా నోరు పడిపోయిందా? లేదు, బాగానే పలికింది. "అవును బాబాయ్, పీచు బాగా తడిగానే ఉండీది" అన్నాను.

పీచు ఎప్పటిలా కొంచెం చెమ్మగా ఉంది, అంతే. ఆయన వెళ్లిన రోజే ముట్టుకుని చూశాను.

తాబేలు చావును పొరపాటని నాకు నేను సర్దిచెప్పుకోగలను, కొంతవరకైనా. కానీ తన తప్పేమోనని భయపడుతూ ఒక ముసలాయన నా ముఖంలోకి చూసినప్పుడు, ఆ భయాన్ని నిజం చేసి ఆయన చేతిలో పెట్టానే, దానికి ఏ పేరు పెట్టుకోను?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, ఆస్టినాబాద్ నుంచి వచ్చే ఒకావిడ రెండు చిలకల్ని తెచ్చి ఇస్తానంది, ఒంటరిగా ఉన్నారు కదా అని. బాబాయ్ నవ్వి, తన చేతిలో ప్రాణాలు నిలవవని చెప్పారు. నా వైపు తిరిగి, "దీన్నడుగు, దీనికి తెలుసు" అన్నారు.

నేను తల ఊపాను. మళ్లీ అదే అబద్ధం, చూశారా!

ఆయనకు చెబుతానో లేదో తెలియదు. చెబుతానని మాటిస్తే అదీ అబద్ధమే కావచ్చు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ పని కాదు. బాబాయ్ చేతుల్లో ఏ తప్పూ లేదు. చంపింది నేను. ఇన్నాళ్లకు ఈ మాట నా బుర్రలోంచి బయటికొచ్చి, ఇంకొకరికి తెలిసింది. ఊపిరి కొంచెం ఆడుతోంది.