బాపు పగటి నిద్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నింటికంటే విలువైనది పగటి నిద్ర. మా బాపు, అంటే మా నాన్న, గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో పనిచేసేవాడు. మూడు వారాలకొకసారి ఆయనకు రాత్రి షిఫ్టు వచ్చేది. రాత్రి పదకొండుకు దిగి ఉదయం ఏడింటికి పైకి వచ్చేవాడు. ఎనిమిదికి స్నానం, ఎనిమిదిన్నరకు తిండి, తొమ్మిదికి మంచం. తొమ్మిది తర్వాత ఆయన ఎన్ని గంటలు నిద్రపోతే ఆ రాత్రి గనిలో అంత మెలకువగా ఉండేవాడు. కింద కునుకు తీసినవాళ్ల గురించి మా వాడలో పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పిల్లలకు వినపడదనుకునేవారు. నాకు వినపడేది.

ఎండాకాలంలో ఆ నిద్ర దొరకడం కష్టం. మాది రెండు గదుల క్వార్టరు, పైన సిమెంటు రేకులు. ఉదయం పది దాటితే కాలిన పెనాన్ని నెత్తిన బోర్లించినట్టు ఉండేది. ఫ్యాను ఉండేది గానీ, అది రేకుల వేడినంతా కిందికి తోసేది. అందుకే బడికి సెలవులివ్వగానే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకొని రామగిరి దగ్గరున్న అమ్మమ్మ ఊరికి వెళ్లేది. అక్కడ మట్టి గోడలు, గడ్డి కప్పు. మిట్టమధ్యాహ్నం కూడా చాప మీద ఒళ్లు చల్లగా ఉండేది. సెలవులు మా ఆటల కోసమే అనుకునేదాన్ని. మేము లేకపోతే ఇల్లు సద్దుమణిగి బాపు నిద్రపోతాడన్నది అమ్మ ఆలోచన అని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాకు పదకొండో ఏడు నడుస్తున్న వేసవిలో నేను వెళ్లనన్నాను. బాపుకు వండిపెడతాను, ఇంటిని చల్లగా ఉంచుతాను, ఆయనకు నిద్ర చెడకుండా చూస్తాను అని అమ్మకు మాట ఇచ్చాను. అమ్మ తమ్ముణ్ణి తీసుకొని వెళ్లింది. లెక్కల్లో తరగతికి మొదటిదాన్నన్న గర్వం అప్పట్లో నాకు బాగా ఉండేది. ఒక పాత నోటుబుక్కులో రెండు వరుసలు గీసుకున్నాను. మొదటి వరుసలో నేను మోసిన నీళ్ల బకెట్లు, రెండో వరుసలో బాపు పడుకున్న సమయం, లేచిన సమయం.

నా ఏర్పాటు నాకు చాలా పకడ్బందీగా కనిపించింది. వేడిగాలీ బొగ్గు దుమ్మూ లోపలికి రాకుండా రెండు కిటికీల రెక్కలూ మూశాను. వాటికి లోపలివైపు గోనె సంచులు వేలాడదీసి తడిపాను. గోడ పైభాగాన ఉన్న వెంటిలేటరులో పాత చీర ముక్కలు కుక్కాను. నేలంతా నీళ్లు చల్లాను. తలుపు దగ్గరగా వేసి గడప మీద కాపలా కూర్చున్నాను.

మొదటి రోజు అయిదు బకెట్లు. బాపు పన్నెండింటికి లేచాడు. రెండో రోజు ఆరు బకెట్లు. పదకొండున్నరకే లేచాడు. నీళ్లు చాలలేదనుకొని మూడో రోజు ఏడు బకెట్లు మోశాను. పదకొండింటికే చెమటతో తడిసిన బనియను విడిచి, వాకిట్లో వేపచెట్టు కింద మంచం వాల్చుకొని కూర్చున్నాడు. నిద్ర పట్టిందా అని ప్రతి రోజూ నేను అడిగేదాన్ని. ప్రతి రోజూ ఒకే జవాబు వచ్చేది.

“మంచిగనే పండుకున్న బిడ్డా. సల్లగున్నది.”

నోటుబుక్కులో అంకెలు వేరే మాట చెబుతున్నా, నేను బాపు మాటనే నమ్మాను. అంత చల్లటి గొంతు అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు?

ఆ సాయంత్రం అన్నం తింటుండగా ఆయన చేయి నోటి దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. ముద్ద కంచంలో పడింది. కళ్లు మూతలు పడి ఉన్నాయి. నేను పిలిచేసరికి ఉలిక్కిపడి, ఏమీ జరగనట్టే మళ్లీ కలుపుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీకి వెళ్లాడు. ఉదయం ఏడింటికి సైరను మోగగానే నేను వీధి మొదట్లో నిలబడి వచ్చేవాళ్లను లెక్కపెట్టాను. బాపు ఎప్పుడూ మొదటి పది పన్నెండు మందిలో ఉండేవాడు. ఆ రోజు ముప్పై ఒక్కమంది నన్ను దాటి వెళ్లాక కనిపించాడు. ఏమీ కాలేదు, నడక నెమ్మదించింది, అంతే. కానీ పదమూడో మనిషి నుంచి ముప్పై ఒకటో మనిషి దాకా నేను పడ్డ భయం ఇప్పటికీ నా కాళ్లలో ఉంది.

ఆ నాలుగో రోజు కూడా పదకొండింటికల్లా బాపు చెట్టు కిందికి చేరాడు. పక్క క్వార్టరులో ఉండే, బాపును అన్నా అని పిలిచే మా కాక, అంటే వరసకు చిన్నాన్న, రెండో షిఫ్టులో ఉండడం వల్ల ఆ వేళకు ఇంట్లోనే ఉన్నాడు. గనిలో గాలి సరిగ్గా ఆడుతున్నదో లేదో చూసి, అది దారి తప్పకుండా పరదాలు కట్టించడం ఆయన పని. బాపు వాలకం చూసి మా ఇంట్లోకి వచ్చాడు. రెండడుగులు వేసి, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“ఏందే బిడ్డా! మీ బాపును కుడుము లెక్క ఉడుకవెడుతున్నవా?”

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. నోటుబుక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నేను ఊరికే కూర్చోలేదని రుజువు చేయాలనుకున్నాను. ఆయన వేలితో రెండు వరుసలూ పైనుంచి కిందికి తడిమాడు.

“నీళ్లు వెరుగుతున్నయి, నిద్ర తరుగుతున్నది. రాసినవు గని సదువలేదే!”

తర్వాత దేవుడి పటం దగ్గరి అగరుబత్తి ఒకటి వెలిగించి గది మధ్యలో పట్టుకున్నాడు. పొగ నిట్టనిలువుగా లేచి రేకుల కింద గుమిగూడింది. ఎటూ కదల్లేదు. గాలికి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలని, గనిలో ఏ ఒక్కటి మూసుకున్నా మనిషి బతకడని చెప్పాడు. నేను పోసిన ఏడు బకెట్ల తడీ బయటికి పోలేక గదిలోనే ఆవిరై మా బాపు ఒంటి మీద కూర్చున్నదన్నాడు. నీడవైపు కిటికీ రెక్కలు తెరిచి, ఆ ఒక్కదానికే తడి గోనె సంచి ఉంచాడు. ఎండవైపు కిటికీని మూసే ఉంచాడు. దానికి పైన ఉన్న వెంటిలేటరులోంచి చీర ముక్కలు పీకేశాడు. అగరుబత్తి పొగ ఒక్క క్షణం తడబడి, పక్కకు వాలి, మెల్లగా ఆ కంత వైపు నడిచింది. గాలి నడవడాన్ని కంటితో చూడడం నాకు అదే మొదటిసారి.

కాక బయటికి వెళ్లి బాపును మందలించాడు.

“ఏందన్నా, పిల్లకు ఒక్క మాట చెప్పద్దా?”

“ఎట్ల చెప్పాలె తమ్మీ? నీళ్లు మోసి మోసి దాని చేతులు బొబ్బలెక్కినయి.”

ఆ మాట నేను కిటికీ లోపలి నుంచి విన్నాను. బకెట్లు లెక్కపెట్టిన నేను నా అరచేతులను చూసుకోలేదు. ఆయన చూశాడు. నా శ్రమ చిన్నబోకూడదని మూడు రోజుల నిద్ర వదులుకొని, ఆ కళ్లతోనే కిందికి దిగాడు.

ఆ మధ్యాహ్నం రెండే బకెట్లు పట్టాయి. బాపు పన్నెండింటికి మళ్లీ పడుకొని అయిదున్నరకు లేచాడు. మర్నాడు సైరను మోగాక వీధి మొదట్లో నా లెక్క ఎనిమిది దగ్గరే ఆగింది.

ఇప్పుడు బాపు లేడు, కాక లేడు. ఇంటికి స్లాబు వచ్చింది, కూలరు వచ్చింది. అయినా మనుషులు నా పొరపాటే చేస్తున్నారు. కిటికీలన్నీ మూసి, కూలరు నిండా నీళ్లు పోసి, ఉక్కపోస్తున్నదని కూలరును తిడతారు. పోయిన వేసవిలో సెలవులకు వెళ్లి దిగిన అద్దె గదిలోనూ అదే తంతు. చెప్పి చెప్పి నేనూ అలసిపోయాను. ఇప్పుడు చెప్పడం మాని, నేనే లేచి వెనక కిటికీ జానెడు తెరుస్తున్నాను.

నా కూతురు దవాఖానలో నర్సు. ఈ వారం దానికి రాత్రి డ్యూటీ. పగలు పడుకొని, వాచిన కళ్లతో లేచి వస్తుంది. అడిగితే, “మంచిగనే పండుకున్న అమ్మా” అంటుంది. అచ్చం ఆ గొంతే. నేను గోడ గడియారం వైపు చూస్తాను. అగరుబత్తి వెలిగించి దాని గదిలో పొగ ఎటు వాలుతుందో చూస్తాను. ఆ తర్వాత నోటుబుక్కు తీస్తాను. ఇప్పుడు అందులో ఒక్క వరుసే ఉంది, నా కూతురు నిద్రపోయిన గంటలు. నేను మోసిన బకెట్లను రాయడం ఆ వేసవితోనే మానేశాను.