సిలువ గుమ్మడికాయ

లిడియమ్మ లెక్కలో మనుషులు రెండే రకాలు. గుమ్మడికాయ కొయ్యడం వచ్చినవాళ్లు, రానివాళ్లు. వచ్చినవాళ్లు నాలుగు వేళ్ల మేర తొడిమ వదిలి కొడవలితో కోస్తారు. రానివాళ్లు కాయని కౌగిలించుకుని మెలితిప్పి లాగుతారు. తొడిమ పాదుకే ఉండిపోతుంది, కాయకి నెత్తిమీద గుంట పడుతుంది, ఆ గుంటలోంచి మూడు వారాలు తిరక్కుండా కుళ్లు దిగుతుంది. ఆవిడ లెక్క ప్రకారం ఏలూరు పట్నం మొత్తం రెండో రకమే.

ఆవిడకి ఏభై ఆరేళ్లు. వట్లూరు దాటాక కాలవ పక్కన ఎకరంన్నర మెరక భూమి చెక్క ఉంది. చుట్టూ ఇళ్ల స్థలాలకి రాళ్లు పాతేశారు, కాలేజీ బస్సులు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నాయి, ఆవిడ పాదులు మాత్రం అక్కడే ఉన్నాయి. భర్త సీమోను మంచివాడు. అంటే ఎవరేం అడిగినా సరేనండి అనే మనిషి. ఆయన మంచితనానికి కాపలా కాయడంతోనే తన బతుకు సగం అయిపోయిందని లిడియమ్మ ఆయన ముందే అంటుంది. దానికీ ఆయన సరేనంటాడు.

ఆ చెక్కలో కాసేది ఆషామాషీ గుమ్మడి కాదు. అత్తగారు అచ్చాయమ్మ ఉండి ఊరినుంచి కాపురానికొస్తూ కొంగున కట్టుకొచ్చిన విత్తనం. కాయ చదునుగా ఉంటుంది, పులుసులో వేస్తే ముక్క చెదరదు, అటకమీద పెడితే ఉగాదిదాకా ఉలకదు పలకదు. ఏటా మొదటి కాపులో మంచి కాయ ఒకటి విత్తనానికి ఉంచడం అచ్చాయమ్మ పద్ధతి. అది వెలగపండంత అయ్యాక బొటనవేలి గోటితో దానిమీద సిలువ గీసేది. చుట్టుపక్కల చేలవాళ్లు దిష్టికి సున్నం బొట్టు పెట్టుకునేవారు, దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న ఇంటి కోడలు కనక ఈవిడ సిలువ పెట్టుకుంది. కాయతోపాటు గీతా పెరుగుతుంది, మానిన గాటులాగా తెల్లగా ఉబ్బుతుంది. ఆ గుర్తున్న కాయని కూలీలు గానీ, గేదెలు తోలుకెళ్లేవాళ్లు గానీ చచ్చినా ముట్టరు. పాదు ఎండిపోయి తొడిమ బెండులా అయ్యాక లిడియమ్మే కోస్తుంది. మిగతా కాయలు కూర వయసులోనే బజారుకి వెళ్లిపోతాయి. వాటి గింజలు నాటితే మొలకెత్తేది గడ్డే.

లిడియమ్మ ఎప్పుడూ కుండలో పాత గింజలు కొన్ని దాచుకునేది. కిందటేడు వరద ఇంట్లోకొచ్చి కుండని తీసుకుపోయింది. అటకమీద మిగిలిన ఒక్క కాయ గింజలే, ఒక్కటీ మిగల్చకుండా, ఈ యేడు నాటింది. ఇది రెండువేల ఎనిమిది సంగతి. అంటే ఆ సంవత్సరం సిలువ గీసిన కాయ పోతే అచ్చాయమ్మ విత్తనం ఈ భూమ్మీద లేనట్టే.

సరిగ్గా ఆ యేడే విజయ్‌కుమార్ గారికి ఆలోచన వచ్చింది. ఆయన సంఘం సెక్రటరీ, ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆలోచనలు రాకుండా ఉండటానికి ఆఫీసులో కావలసినంత పని ఉంటుందనుకుంటాం గానీ, ఉండదు కాబోలు. నవంబరులో కోత పండుగ వస్తుంది. సంఘస్తులంతా తమ పంటలో ప్రథమ ఫలం తెచ్చి గుడిలో అర్పించాలి. ఏలూరు వాళ్లకి పంటేదీ, టీచర్లూ నర్సులూ గుమాస్తాలూను. రైతు బజార్లో వంకాయలు కొని క్యారీ బ్యాగుతో సహా అర్పించేవారు. విజయ్‌కుమార్ గారు టీవీలో ఏదో చూశారు. విదేశాల్లో పంటకాలం రాగానే జనమే తోటల్లోకి వెళ్లి, తమ గుమ్మడికాయ తామే కోసుకుంటారట, పిల్లలతో సహా పండగ చేసుకుంటారట. ఇంకేం, తగుదునమ్మా అని లిడియమ్మ చేలోకి వచ్చారు.

"ఈసారి ప్రతి కుటుంబం స్వహస్తాలతో కోసిన ఫలమే తేవాలండి. మీ చేను అయితే దగ్గరండి," అన్నారు.

"దుక్కి మేం దున్ని, పాదు మేం పెట్టి, పురుగులు మేం ఏరాక, కొయ్యడానికి మీ స్వహస్తాలా అండీ?" అంది లిడియమ్మ.

"అదేనండీ అనుభవం అంటే."

"ఆ అనుభవం జ్యేష్ఠంలో రమ్మనండి, పెంట మోద్దురు గాని."

ఈలోగా సీమోను సరేనండి అనేశాడు.

నవంబరు మొదటి శనివారం ఒక వ్యానూ, నాలుగు ఆటోలూ దిగాయి. గొడుగులూ నల్లకళ్లద్దాలూ నీళ్లసీసాలూ చూస్తే వీళ్లు చేలోకొచ్చారో కొండెక్కబోతున్నారో తెలియలేదు. ఒకాయన గుమ్మడి చెట్టు ఎక్కడండీ అని తలెత్తి వెతికాడు. ఒకాయన కొబ్బరికాయ అనుకున్నాడేమో, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఒకావిడ కాయమీద కూర్చుని సెల్లులో ఫోటో తీయించుకుంది, లేచేటప్పటికి కాయ లేదు, పచ్చడే ఉంది. అందరికన్నా హుషారు షారోన్ టీచర్ది. తాడేపల్లిగూడెం పిల్ల, వట్లూరులో ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. పిల్లల్ని వెంటేసుకుని కాయకి మోకాలు ఆనించి, కళ్లు మూసుకుని, రెండు చేతులా తిప్పుతోంది.

లిడియమ్మ నెత్తిన తువ్వాలు వేసుకుని గట్టుమీద కూర్చుంది. "చూడండి, దూడని లాగుతున్నట్టు లాగుతోంది" అని సీమోనుకి చెప్పి నవ్వింది. "అదుగో, ఆయన కాయ వదిలేసి ఆకు కోశాడు" అని మళ్లీ నవ్వింది. కడుపు నెప్పొచ్చేలా నవ్వింది. అంత సంతోషంగా ఆవిడ గడిపిన శనివారం ఈ మధ్య లేదు.

అందరూ వెళ్లాక చేనంతా తిరిగింది. తూర్పు నీళ్ల బోదె చివర, ఆకుల కింద దాచినట్టుండే చోటు ఖాళీగా ఉంది. తెగిన తొడిమ ఒక్కటే పాదుకి వేలాడుతోంది. ఇంకా ఆకుపచ్చగానే ఉంది అది. లిడియమ్మ ఆ తొడిమని చేత్తో పట్టుకుని అక్కడే కూలబడింది.

మర్నాడు గుడికి వెళ్లేసరికి గుమ్మం దాకా జనం. ప్రసంగపీఠం పక్కన ఎత్తుపీట, పీటమీద తెల్లని లేసుగుడ్డ, దానిమీద ఆవిడ కాయ. దానంతటదే సిలువ మొలిచిన గుమ్మడికాయట. షారోన్ టీచర్ ఏడుస్తూ స్తోత్రాలు చెబుతోంది, ఎందుకంటే అది దొరికింది ఆమెకి. విజయ్‌కుమార్ గారు మైకు వదలడం లేదు. సెల్లులున్నవాళ్లందరూ ఫోటోలు తీస్తున్నారు. మధ్యాహ్నానికి లోకల్ కేబుల్ వాళ్లు వచ్చారు. పండుగ వేలంలో మిగతా కాయలన్నీ పాడేశారు, దాన్ని మాత్రం ముట్టలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే దొంగ నయం, సిగ్గుంది వాడికి. వీళ్లు చప్పట్లు కొడుతున్నారు.

లిడియమ్మ విజయ్‌కుమార్ గారిని పక్కకి పిలిచింది. "అది విత్తనపు కాయండీ. నేనే గీశాను. తొడిమ లేదు, నిలవదు. నీడలో ఓ పదిహేను రోజులు ఉంచితే లోపల గింజ ముదురుతుంది, అప్పుడు కోసి గింజలు నాకిచ్చేయండి. కండ మీరే వండుకోండి."

"సిలువని కత్తితో కొయ్యమంటారా అండీ?" అని ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు.

ఇక పాస్టరు నిత్యానందం అయ్యగారి దగ్గరికి వెళ్లింది. పెద్దాయన, పల్లెటూళ్లో పుట్టిన మనిషి. ఆవిడ చెప్పిందంతా విని, తలుపు దగ్గరగా వేసి, "తెలుసమ్మా. మా అమ్మా గీసేది," అన్నారు.

"తెలిసి ఊరుకున్నారా అండీ?" అంది లిడియమ్మ.

"ఇరవై ఏళ్లయి ఇక్కడ వాక్యం చెబుతున్నాను. ఏ ఆదివారమూ గుమ్మం దాకా జనం రాలేదు. కొన్నాళ్లు ఓపిక పట్టండమ్మా."

"నేను పడతానండి. కాయ పట్టొద్దూ?" అంది ఆవిడ. వందనాలు కూడా చెప్పకుండా వచ్చేసింది.

రెండో ఆదివారం ఆవిడ ముందు వరసలో కూర్చుంది. పాటలు వినలేదు, వాక్యం వినలేదు, కాయ నెత్తిమీద గుంటనే చూస్తూ కూర్చుంది. అంచు నల్లబడింది. ఒక ఈగ వాలింది. సాక్ష్యాల సమయంలో విజయ్‌కుమార్ గారు, ఈ అద్భుతం జరిగిన చేను గల సహోదరి ఇప్పుడు సాక్ష్యం చెబుతారని పిలిచేశారు. చెబుతాను, బాగానే చెబుతాను అనుకుంటూ లిడియమ్మ మైకు దగ్గరికి వెళ్లింది.

"అందరికీ వందనాలండి. ఈ సిలువ భాద్రపదంలో నేను గీశాను. ఇదిగో, ఈ గోటితో. అప్పుడు కాయ వెలగపండంత ఉంది. మా అత్తగారు గీసేది, నేనూ గీస్తాను. ముట్టుకోవద్దని గుర్తు, అంతే. ఇందులో అద్భుతం లేదు, గింజలున్నాయి. కుళ్లు అప్పుడే దిగుతోంది, అవి చచ్చిపోతాయి, ఇప్పుడే కొయ్యండి."

జనమంతా ఆవిడ గోరుకేసీ, కాయకేసీ చూశారు. అమ్మయ్య, ఎక్కింది అనుకుంది. అప్పుడు షారోన్ టీచర్ లేచి, కళ్లు తుడుచుకుంటూ, "ప్రభువే మీ చేత గీయించారండీ," అంది.

గుడంతా ఆమేన్ అంది. దానికి లిడియమ్మ ఏం చెబుతుంది? ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? పాతికేళ్లుగా తన గోరు తనదేననుకుంటున్న మనిషి వచ్చి కూర్చుంది. ఆ వారమంతా ఆవిడ సీమోనుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. సీమోనుతో మాట్లాడినవి తిట్లు.

మూడో ఆదివారానికి గుళ్లో వాసన మొదలైంది. ఎవరూ ఒప్పుకోలేదు. ఒకరు ఎలుక చచ్చిందన్నారు, ఒకరు కాలవ అన్నారు, విజయ్‌కుమార్ గారు సెంటు సీసా తెచ్చి పీటచుట్టూ కొట్టారు. అయ్యగారు సరిగ్గా రెండో పాట అయ్యాక బైబిలు తెరిచారు. కాయ మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. సిలువ మధ్యకి ముడుచుకుంది, నెత్తి లోపలికి దిగిపోయింది, పసుపుపచ్చని నీరు లేసుగుడ్డమీంచి జారి అయ్యగారి పాదాల దాకా వచ్చింది. ముందు వరసలవాళ్లు పైట చెంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నిన్నటిదాకా ఆ కాయని తాకి కళ్లకద్దుకున్న చేతులన్నీ వెనక్కి వెళ్లిపోయాయి.

"లిడియమ్మగారూ, కాస్త అది తీయించెయ్యరూ," అన్నారు విజయ్‌కుమార్ గారు. మైకు ఆపి అన్నారు.

ఇప్పుడైంది అది లిడియమ్మగారి కాయ. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా లేచి, గుడ్డతో సహా ఎత్తి, గుండెలకి ఆనించుకుని, నడవాలోంచి బయటికి నడిచింది. చీరంతా తడిసింది. గుడి వెనక కుళాయి దగ్గర కూర్చుని, ఆ కుళ్లులోకి మోచేతులదాకా చేతులు పెట్టి గింజలు ఏరడం మొదలెట్టింది. ఏరినవి బకెట్టు నీళ్లలో వేసింది. తేలినవి పొల్లు, మునిగినవి గట్టివి. గుప్పెళ్లకొద్దీ తేలాయి.

పక్కన ఎవరో కూర్చున్నారు. షారోన్ టీచర్. కుచ్చెళ్లు ఎగదోపుకుని, ముక్కు మూసుకోకుండా, తనూ గుజ్జులో చెయ్యి పెట్టింది. ఏరిన గింజలు తనూ బకెట్టులో వేసింది.

"మెలితిప్పింది నేనేనండీ," అంది చివరికి.

"తెలుసు. ఆ వేళ పొద్దుటినుంచీ మీరు కాయలు లాగుతుంటే గట్టుమీద కూచుని చూస్తూనే ఉన్నాను. నవ్వలేక చచ్చాను."

షారోన్ తల వంచుకుని, నిష్ఠూరం ఏమీ లేకుండా, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే అంది, "గుర్తున్న కాయ ముట్టొద్దని అప్పుడు ఒక్క మాట చెప్పుంటే ముట్టేదాన్ని కాదండీ. కొయ్యడం రాదు మాకు. చెబితే నేర్చుకుందుం."

లిడియమ్మ గుజ్జులో చేతులు ఆపింది. సెక్రటరీని అంది, పాస్టరుని అంది, పట్నం మొత్తాన్ని అంది. గట్టుమీద కూర్చుని నవ్విన మనిషిని మాత్రం ఎవరూ అనలేదు. ఆవిడ కూడా అనుకోలేదు. ఇప్పుడు అనుకుంది. సిగ్గేసింది.

బకెట్టు ఒంపితే అడుగున ఏడు గింజలు మిగిలాయి. లిడియమ్మ వాటిని పొడి కొంగుమీద ఆరబోసింది, ఒక్కొక్కటీ గోటితో నొక్కి చూసింది. ఆరు కొంగున ముడేసుకుంది. ఏడోది షారోన్ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఆషాఢంలో నాటండి. నీళ్లు నిలవకూడదు. కాయ కోసేటప్పుడు తొడిమ నాలుగు వేళ్లు వదలాలి, కొడవలితో కొయ్యాలి, మోకాలితో కాదు. వెలగపండంత అయ్యాక నాకు కబురు పెట్టండి."

"ఎందుకండీ?"

లిడియమ్మ చేతులు కడుక్కుని లేచింది.

"ప్రభువు నా చేత గీయించాడన్నారుగా. ఈసారి మీ చేత గీయిస్తాడు. గోరు మాత్రం తియ్యకండి."