రబ్బర్ తేవొద్దు

మా ఆయనకు పక్షవాతం ఒచ్చినప్పటి సంది నేను ఒక్క తాన కూసోలే. వంటింట్లకెల్లి బాల్కనికి, బాల్కనికెల్లి వంటింట్లకు, కాలుగాలిన పిల్లి తీరుగ తిరుగుడే. కుక్కర్ కూత పెట్టకముందే పోయి దాని ముందర నిలబడ్త.

నాది మలక్‌పేట. ఆయనది గుంటూరు దిక్కు. ఉద్యోగానికని ఒచ్చి మా ఇంట్ల పైరూం కిరాయికి దిగిండు, ఇగ మల్ల పోలే. పెండ్లయి దిల్‌సుఖ్‌నగర్‌ల కాపురం పెట్టి గిన్నేండ్లయినా ఆయన మాట ఆయనదే, నా మాట నాదే. పోట్లాడుకున్నప్పుడు పక్కింటోళ్లు చెవులు పెట్టి వినేటోళ్లు, రెండు ఊర్ల భాషలు ఒక్కతాన దొరుకుతయని.

ఆ పొద్దు ఇద్దరం పక్కపక్కన కూసోని చాయ్ తాగుతున్నం. ఏదో చెప్పబోయిండు, మాట ముద్దగ ఒచ్చింది. గ్లాసు జారి కింద పడ్డది. మూతి ఒక దిక్కుకు పోయింది. దవాఖానకు ఉరికినం. బతికిండు. కర్ర పట్టుకోని నడుస్తుండు. మాట మెల్లగ ఒస్తది గని తెలుస్తది. కుడి చెయ్యి మాత్రం రాలే.

చెయ్యి పోతే పోయింది, మనిషే లేకుంట పోయిండు. టీవీ పెడితే చూస్తడు, బంద్ చేస్తే గోడ చూస్తడు. ఒకరోజు కావాలనే పప్పుల ఉప్పెయ్యకుంట పెట్టిన. ఉప్పు జర తక్కువైతే కంచం అవతలికి జరిపే మనిషి, చప్పుడు చేయకుంట తిని చెయ్యి కడుక్కున్నడు. నేను సింకు కాడ నిలబడి ఏడ్చిన. నాకు ఒక్కటే కావాలె అప్పుడు. ఈయన నోట్లకెల్లి ‘నాకిది కావాలి’ అని ఒక్క మాట రావాలె. గంతే.

ఇంటికొచ్చి కసరత్తు చేయించే పిల్ల చెప్పింది ఈ బొమ్మలోళ్ల సంగతి. “ఆదివారం పొద్దున, వారానికో తాన, రోడ్ల పొంటి కూసోని ఎదురుగ ఏది కనవడితే అది గీస్తరు ఆంటీ. ఎవరైనా పోవచ్చు. అంకుల్‌కు ఎడమచెయ్యి అలవాటైతది” అన్నది. రోడ్డు మీద కూసోని బొమ్మలేంది, పనీపాటా లేనోళ్లా అనుకున్న. అయినా తీస్కపోయిన. ఇంట్ల గోడ చూసుడుకంటే నయమే కద.

మొదటి ఆదివారం మా దిల్‌సుఖ్‌నగర్‌లనే, మెట్రో కింద. పిల్లలు, పెద్దోళ్లు, ఒక పదిమంది దాక ఉన్నరు. నువ్వెవరు, నీకు గీయొస్తదా అని ఒక్కలు అడగలే. చాయ్ ఇచ్చిన్రు, ఇద్దరికి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు వేసిన్రు, ఆయన ఒళ్లె కాగితం పెట్టిన అట్ట పెట్టిన్రు. ఎడమచేతితోని గీస్తుంటే అట్ట జారిపోతుంది, పట్టుకునేటందుకు రెండో చెయ్యి లేదాయె. ఒక కాలేజీ పిల్ల చూసి, తన చున్నీ తీసి అట్టను ఆయన మోకాలుకు కట్టింది. “ఇప్పుడెట్లుంది అంకుల్?” అని నవ్వుకుంట పోయి తన బొమ్మ తాను గీసుకుంది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

వాళ్ల పెద్దదిక్కు ఒక డ్రాయింగ్ మేడం, బళ్లె పిల్లలకు చెప్పి రిటైరైంది. ఆమెదొకటే కట్టడి. “రబ్బర్ తేవొద్దు. తప్పు గీత పడ్డదా, పడనీయున్రి. దాని పక్కన ఇంకోటి గీయున్రి. అయినంక అన్ని బొమ్మలు కింద పరుస్తం, చుట్టు నిలబడి చూస్తం. బాగలేదని ఎవ్వరన్నా అన్నరో, వాళ్లే అందరికి చాయ్ పొయ్యాలె.”

ఆయన పక్క స్టూల్ మీద నేను కూసున్న. కూసోని ఏం చేయాలె? ఆయన మూతి దిక్కు చూసుడే. వంగిందా? నిన్నటికంటే ఎక్కువ వంగిందా? పక్కన కూసుంటే చాలు, ఆ పొద్దటి చాయ్ గ్లాసే యాదికొస్తది. లేచిన. “టమాటలు తెస్త” అన్న. “కాసేపు కూర్చోవే” అన్నడు. “ఆ, ఒస్త ఒస్త” అనుకుంట బండ్ల దిక్కు పోయిన. టమాటలైనంక మందుల షాపు, అదైనంక ఉత్తగనే ఫోన్.

నేను ఒచ్చేసరికి బొమ్మలు పరుస్తున్నరు. ఆయన తన కాగితం బోర్ల పెట్టిండు. ఎవరు తిప్పి చూడలే. “మొదట్ల అందరు గంతే అక్కా” అన్నది మేడం. నాకైతే పాణం ఉసూరుమన్నది. ఇది కూడ అయ్యేటట్టు లేదనుకున్న.

మల్ల శనివారం నేను కూర కలుపుతున్న. ఎనక నుంచి మాట ఒచ్చింది. “రేపు... ఎక్కడ?”

“ఏంది?”

“బొమ్మలు. రేపెక్కడంట?”

గంటె పట్టుకోని అట్లనే నిలబడ్డ. అడిగిండు! మనిషి నోరు తెరిచి అడిగిండు! స్టౌ బంద్ చేసుడు మర్చిపోయి బాల్కనికి ఉరికి మేడంకు ఫోన్ కొట్టిన. ఎల్‌బీ నగర్ అన్నది. ఆ రోజు కూర అడుగంటింది. ఆయన కంచం ముందర కూసోని “మాడింది” అన్నడు. ఇంకో రోజైతే కోపమొచ్చేది.

ఎల్‌బీ నగర్ అంటే తెలిసిందే కద, ఆగమాగం. ఎటు చూసినా సంచులు, పిల్లలు, బస్సు కోసం ఉరికేటోళ్లు. “విజయవాడ, విజయవాడ” అని ఒకటే ఒర్లుడు. మా బొమ్మలోళ్లు ఒక బంద్ ఉన్న షాపు ముందర నీడ చూసుకోని కూసున్నరు. మల్ల రెండు స్టూళ్లు, మల్ల చున్నీతోని కట్టుడు.

నాకు ఆ రోజు ఇంకా పరేషాన్. ఆయన నీళ్లు తాగలేదని సీసా కోసం పోయిన. ఎండ జరుగుతుందని గొడుగు కోసం పోయిన. ఒక ఆటో ఆయన తెచ్చి సరిగ్గ మా ఆయన ముందర ఆపితే, పోయి కొట్లాడిన. “మనిషి బొమ్మ గీస్తుండు, కనవడ్తలేదా?” అంటే, “ఆ బొమ్మల నా ఆటో కూడ ఉండనీ అమ్మా, ఏం పోతది?” అని నవ్విండు గని జరిపిండు. వెనుకకొస్తే ఆయన తల ఎత్తకుంటనే “కూర్చో కాసేపు” అన్నడు. “కూసుంట, చాయ్ చెప్పొస్త” అన్న. మెట్రో మెట్లకాడ నిలబడి దూరంకెల్లి చూసిన, మూతి బాగనే ఉంది. మల్ల ఇంకో దిక్కుకెల్లి చూసిన.

పరిచే టైం ఒచ్చింది. ఈసారి ఆయనే చున్నీ ముడి ఇప్పమని, కాగితం తీసి సీదా పెట్టిండు.

ముందుగాల ఆ కాలేజీ పిల్ల నవ్వింది. ఎనక మేడం. “ఏందన్నా, ఎల్‌బీ నగర్‌ల గింతమంది అక్కలున్నరా?”

నేను వంగి చూసిన. మెట్రో స్తంభాలు వంకర, బస్సులకు చక్రాలు లేవు. గని నేను ఉన్న. చాయ్ బండి కాడ కొంగు నడుంకు చెక్కుకోని నేను. ఆటో ఆయన ముందర చెయ్యి ఊపుకుంట నేను. మెట్లకాడ నేను. గొడుగు పట్టుకోని నేను. ఫోన్ చెవికి పెట్టుకోని వీపు తిప్పి నేను. సిగ్గు, కోపం రెండు ఒచ్చినయి.

“గిదేంది? నన్ను గిట్ల రోడ్డు నిండ పెట్టినవ్?”

“రబ్బరు వద్దన్నారుగా” అన్నడు ఆయన, మెల్లగ, ఒక్కో మాట. “సగం గీసేలోపు... లేచి పోతావు. మళ్ళీ... అక్కడ గియ్యాలి.”

అందరు పక్కున నవ్విన్రు. ఆయన కూడ. మూతి ఒక దిక్కుకే నవ్వింది, అయినా నవ్వే. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి. నేను కూడ నవ్వబోయిన.

గప్పుడు కనవడ్డది కాగితం కింది మూల. ఒక స్టూల్, దాని ముందర చున్నీ కట్టిన మోకాలు, మోకాలుకు ఆనిచ్చిన కర్ర. అది ఆయన. పక్కన ఇంకో స్టూల్. బస్సులకు చక్రాలు గీయని మనిషి, ఆ స్టూల్‌కు నాలుగు కాళ్లు, మీద ఉన్న రంధ్రం సుత మంచిగ గీసిండు. దాని మీద ఎవ్వరు లేరు.

“నా స్టూల్ ఖాళీగ ఎందుకు పెట్టినవ్?”

“అక్కడ నువ్వెప్పుడున్నావు?”

కోపంగ అనలే. అన్నం ఉన్నదా అని అడిగినట్టే అన్నడు. చుట్టు ఉన్నోళ్లు నవ్వుడు ఆపి, ఎవరి సంచి వాళ్లు సర్దుకున్నరు. మేడం మా స్టూళ్లు తియ్యబోయి, నా మొకం చూసి, తియ్యకుంట పోయింది.

“భయమైతుంది నాకు” అన్న. “నీ పక్కన కూసుంటే భయమైతుంది.”

“నాకూను” అన్నడు. “ఒక్కణ్ణే కూర్చుంటే.”

కూసున్న. కాగితం మల్ల ఒళ్లె పెట్టుకున్నడు. ఈసారి అట్టను నేను పట్టుకున్న. సంచిల ఫోన్ మోగింది. పిక్కలు గుంజినయి. విజయవాడ బస్సు హారన్ కొట్టింది. లేవబోయిన.

“కదలకు” అన్నడు.

కదల్లే. ఆ స్టూల్ మీదనే గీసిండు నన్ను. రబ్బర్ లేదు కద, పాత గీతలు పోలే. ఇప్పుడు మా ఇంట్ల గోడకున్న ఆ బొమ్మల, నా చీర లోపలికెల్లి ఖాళీ స్టూల్ కాళ్లు నాలుగు కనవడ్తనే ఉంటయి.