అంత్యదశ అన్న మాట

డిగ్రీ మొదటి ఏడాది జువాలజీ సెమినార్‌లో నాకు క్షయకరణ విభజన, అంటే మియోసిస్, వచ్చింది. క్లాసు ఇంగ్లీషులోనే అయినా, ఇంటర్ దాకా తెలుగులో చదివినదాన్ని, తెలుగు మాటలు నోటికి పట్టాకే నాకు విషయం తలకెక్కుతుంది. అందరి ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు భయం. అందుకే పెరటి గది తలుపు దగ్గరగా వేసుకుని గోడకి అప్పజెప్పేదాన్ని. అదీ గుసగుసగానే.

"క్షయ... కరణ. ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ."

ఒకరోజు బయటికి వచ్చేసరికి అమ్మమ్మ ఊరెళ్లే చీర కట్టుకుని, సంచి పట్టుకుని నిలబడి ఉంది. వీధిలో ఆటో.

"పద, ఆస్పత్రికి."

"ఎవరికేటైంది అమ్మమ్మా?"

"నీకే. ఇన్నాను. క్షయన్నావు, అంత్యదశన్నావు. నాకు సెప్పకుండా గోడకి సెప్పుకుంతన్నావేటే గుంటా?"

మాట కోపంగానే ఉంది గానీ నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అమ్మమ్మ చెల్లెలు దేవరాపల్లిలో పెళ్లికి ముందే ఆ క్షయ జబ్బుతోనే పోయింది. ఎవరికీ చెప్పకుండా, దగ్గొస్తే నోట్లో ఓణీ కుక్కుకునేదట.

నాకు నవ్వు రాలేదు. అమ్మమ్మని అరుగు మీద కూర్చోబెట్టి, చేటలోంచి ఒక ఎర్ర బొబ్బరికాయ, ఒక పచ్చ బొబ్బరికాయ తీశాను.

"ఇది అమ్మ ఇచ్చిన క్రోమోజోము, ఇది నాన్న ఇచ్చినది. ముందు రెండూ పక్కపక్కకి చేరతాయి." కొసలు తుంచి, ఎర్రదానికి పచ్చది, పచ్చదానికి ఎర్రది ఆనించాను. "ఇలా మార్చుకుని విడిపోతాయి. బిడ్డకి సగమే ఇవ్వాలి కదా, అందుకు తగ్గుతాయి. క్షయమంటే ఇక్కడ తగ్గడమే."

"మరి అంత్యదశ?"

"పని పూర్తవడం. ఎవరూ పోరు."

"ఏటమ్మా, వత్తారా, పోనా?" ఆటో అతను కేకేశాడు.

"ఎల్లు బాబూ, రోగం కాదంట, పాటమంట!" అని, నా వైపు తిరిగి, "ఆ పేరెట్టినోడెవడే? కాస్త గట్టిగా సదవకూడదా? మూలిగినట్టు సదివితే ఏటనుకుంతాను?" అంది.

కొస మారిన కాయని చేతిలోకి తీసుకుంది.

"అయితే మీ అమ్మ కాడున్న నా ముక్క నీకొచ్చిందా?"

"వచ్చింది."

"మా సెల్లిది?"

"మీ ఇద్దరికీ మీ అమ్మే కదా ఇచ్చింది. ఆవిడలో ఉన్న ముక్కే నీలోనూ ఉండి, నాదాకా వచ్చి ఉండొచ్చు."

కాయని తిరిగి చేటలో పెట్టింది. తర్వాత నా వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఓపాలి గట్టిగా ఊపిరి తియ్యి."

తీశాను. దగ్గు రాలేదు.

"ఇంకోపాలి," అంది.