కొబ్బరికాయతో కంప్యూటర్‌ని చంపిన దసరా

ప్రపంచంలో ఒక్కటంటే ఒక్కటి మిగిలిన కంప్యూటర్‌ని కొబ్బరికాయతో చంపిన ఘనుణ్ణి నేనే. నమ్మబుద్ధి కాకపోతే అమెరికాలో మా ఊరు నేపర్‌విల్ వచ్చి మా పక్కింటి ప్రసాద్ అంకుల్‌ని అడగండి. కాస్త తీరిక చేసుకుని రండి, ఆయన మొదలుపెడితే భోజనాల వేళకి గానీ వదలరు.

అంకుల్ వయసులో ఉండగా ఒక కంపెనీలో, ఇళ్లలో వాడుకునే కంప్యూటర్ తయారుచేశారు. అది మార్కెట్లోకి రాకముందే, కీబోర్డు మీద చుక్క నీళ్లు పడితే చస్తుందంటూ బాస్ డేవ్ ఆపేశాడు. అదంతా అబద్ధమని అంకుల్ పోరు. ఇద్దరూ రిటైరయ్యారు గానీ ఆ తగువు రిటైర్ కాలేదు. శనివారం పాత కంప్యూటర్ల ఎగ్జిబిషన్‌లో, డేవ్ కళ్లెదుట, తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క నమూనా మీద గ్లాసుడు నీళ్లు పోసి చూపిస్తానని అంకుల్ పంతం పట్టారు. నా కారు పెద్దది కాబట్టి ముందురోజే దాన్ని తెచ్చి మా ఇంట్లో పెట్టారు.

ఆ ముందురోజే ఆయుధపూజ. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నవాడి భక్తి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? ఆఫీసు లాప్‌టాప్, కారు తాళాలు, మిక్సీ, వాటి పక్కన పెద్దరికం కొద్దీ అంకుల్ కంప్యూటర్. అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టాను. ఫైర్ అలారానికి భయపడి హారతి మానేశాను. ఆ లోటు తీర్చడానికి కొబ్బరికాయకి అక్కడే సుత్తితో ఒక్కటిచ్చాను. నీళ్లన్నీ తిన్నగా కీబోర్డులోకి దిగాయి. తుడిచి ఊరుకున్నానా, ఆన్ చేసి చూశాను. పొగ వచ్చింది. మానేసిన హారతి కూడా అలా పూర్తయింది.

పిలిస్తే అంకుల్ వచ్చారు. కుంకుమ చూశారు, కొబ్బరిచిప్ప చూశారు.

"సారీ అంకుల్. రిపేర్ చేయిద్దాం."

"ఏం పోశావ్?"

"కొబ్బరినీళ్లు. కొంచెమే."

"ఆ కాస్తకే పోయిందా?"

కుర్చీలో కూలబడ్డారు. కంప్యూటర్ పోతే పోయింది, డేవ్ చెప్పిందే నిజమైందన్నది ఆయన బాధ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

కాసేపటికి లేచి, "నీళ్ల మాట ఎత్తకు. కార్‌లో ఎక్కిస్తుంటే నీ చేతిలోంచి జారిపడిందని చెప్పు" అన్నారు.

"నేనా?"

"మరి నేనా? పొద్దున్నే బొట్టు తుడిచి తీసుకురా."

మర్నాడు డేవ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, నేనే పడేశానని ఒప్పుకున్నాను. ఆయన జాలిగా నా భుజం తట్టి, అంకుల్ వైపు తిరిగాడు.

"చూశావా ప్రసాద్? కింద పడితే చస్తుందని కూడా అప్పుడే చెప్పాను. నువ్వు నీళ్ల దగ్గరే పోట్లాట మొదలుపెట్టావు, రెండో కారణం విననే లేదు."

కనుక సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట కొబ్బరికాయ గుమ్మం బయటే కొడతాను. అబద్ధం ఆడక తప్పకపోతే, అవతలివాడి దగ్గర ఉన్న కారణాలన్నీ ముందే అడిగి తెలుసుకుని మరీ ఆడతాను.